చీటీలో ఉన్న మాట

బందరులో మా వీధి చివర జాకెట్లు కుట్టే అక్క ఉంది. కోడూరు దగ్గర ఒక పల్లెలో మగపిల్లవాడిగా పెరిగి, పాతికేళ్లు దాటాక చీర కట్టుకుని, ఇక్కడికొచ్చి మిషను పెట్టుకుంది. ఎదురుగా ఉన్నంతసేపూ ఆమెను ఎవరూ ఏమీ అనరు. అటు తిరగగానే ‘వాడు’ అంటారు.

నేను అక్కా అని పిలిచాను. అందులో ధైర్యమేమీ లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె మెడలోంచి టేపు తీసి, “చేతులెత్తవే పిల్లా, అలా బిగుసుకుపోతే కొలతెలా వస్తుంది?” అంది. నాతో అంత చనువుగా ఎవరైనా మాట్లాడి చాలా కాలమైంది. “సరే అక్కా” అన్నాను. ఆ మాట దానంతటదే వచ్చింది.

ఆ తర్వాత కుట్లు విడిపోయినవీ, విడిపోనివీ పట్టుకుని వెళ్లేదాన్ని. స్టూలు మీద కూర్చుని లైబ్రరీ నవల చదువుకుంటుంటే, “ఇప్పుడేమైందే ఆ కథలో?” అని మిషను ఆపి అడిగేది. చెప్పేదాన్ని. ఇంట్లో కూడా నేనన్ని మాటలు మాట్లాడను.

శుక్రవారం మధ్యాహ్నాలు మా చర్చిలో స్త్రీల కూటం జరుగుతుంది. అక్క వచ్చి తలుపు దగ్గర చివరి చాప మీద కూర్చునేది. ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. ఆ చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు కూడా. నేను ముందు వరసలో ఉండేదాన్ని. ఎవరి చేతిరాతనైనా చదవగలనని ప్రార్థన చీటీలు చదివే పని నాకిచ్చారు. పళ్లెంలో వేసిన చీటీలు ఒక్కొక్కటే తీసి, సహోదరి ఫలానా వారు, కూతురి ఉద్యోగం గురించి, అని మైకులో చదవాలి. అందరూ ఆమేన్ అంటారు.

ఒకరోజు అక్క దారం కొరుకుతూ, “మా అమ్మకి ఒంట్లో బాలేదే” అంది. “ఫోన్ చేస్తే ఇప్పటికీ అబ్బాయీ అనే అంటుంది. ఈ శుక్రవారం చీటీ వేస్తాను. సహోదరి అని రాస్తాను. రాసింది రాసినట్టు చదువుతావుగా?”

“చదువుతానక్కా.”

“మైకులో ఒక్కసారి వినాలనుంది. అంతే.”

ఆ శుక్రవారం కూటం మొదలవకముందు, కూటం నడిపే ఆంటీ నా భుజం మీద జాకెట్టు కుట్టు చూసి, “వాడి దగ్గరే కుట్టించావా? కొలతలు కూడా వాడే తీస్తాడా?” అంది.

“టేపుకేం తెలుస్తుంది వదినా, పట్టుకుందెవరో” అంది పక్కనున్నావిడ. నవ్వారు. నేను నవ్వలేదు. పైట భుజం మీదికి లాక్కున్నాను.

అక్క చీటీ నాలుగోది. మడత మీద మిషను నూనె మరక ఉంది. ‘మీ సహోదరి’ అని, కింద తన పేరు, ఆ కింద వాళ్లమ్మ ఆరోగ్యం సంగతి. మైకు నోటి దగ్గరే ఉంది. “ఒకరు తమ తల్లి ఆరోగ్యం గురించి ప్రార్థించమని కోరుతున్నారు” అని చదివాను. ఆమేన్ అన్నారు. ఐదో చీటీ తీశాను. తల మాత్రం ఎత్తలేదు.

బయట చెప్పుల దగ్గర “అక్కా” అన్నాను. ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, “చదివారు కదండీ. థాంక్సండీ” అంది. నన్ను మీరు అనడం అదే మొదలు.

తర్వాతి శుక్రవారం చీటీ నేనే రాసి పళ్లెంలో వేశాను. దాని వంతు రాగానే చదివాను. “మన సహోదరి, మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆమె, తల్లి ఆరోగ్యం గురించి.” ఆంటీ కళ్లజోడు పైనుంచి చూసింది. కాస్త ఆలస్యంగా ఇద్దరు ముగ్గురు ఆమేన్ అన్నారు. అప్పుడు తలెత్తి తలుపు వైపు చూశాను. చివరి చాప చుట్టి గోడకి ఆనించి ఉంది.

ఆ సాయంత్రం జాకెట్టు గుడ్డ తీసుకుని వెళ్లాను. చదివానని చెబుదామనే వెళ్లాను. తీరా వెళ్లాక, చెబితే నన్ను మెచ్చుకోమని అడిగినట్టే ఉంటుందనిపించింది.

“అమ్మకెలా ఉంది?” అన్నాను.

“పర్లేదండీ.”

సంచిలో సగం చదివిన నవల ఉంది. ఆమె కథ అడగలేదు. నా కొలతలు ఆమె నోటుబుక్కులో ఎప్పటినుంచో ఉన్నాయి. అయినా మెడలోంచి టేపు తీసింది.

“చేతులెత్తండి” అంది.

ఎత్తాను.