పెద్దమ్మ చెప్పని మాట

మొన్న అలమారా సర్దుతుంటే పాత లేసు ముక్క ఒకటి చేతికి తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంజీ కొబ్బరినూనే కలిసిన వాసన ఇంకా కాస్త మిగిలే ఉంది. నరసాపురం దగ్గర మా ఊరు, పెద్దమ్మ ఇంటి అరుగు, మధ్యాహ్నాలు ఆ అరుగు మీద వరసగా కూర్చుని లేసు అల్లిన ఆడపిల్లలం అందరం కళ్లముందుకొచ్చాం.

అమ్మ పొద్దున్నే పొలానికి పోయేది కాబట్టి నన్ను పెంచింది దాదాపు పెద్దమ్మే. ఆవిడ మాటకు తిరుగులేదు. వేసవిలో రసాలు తిన్న చేత్తో దారం ముట్టకూడదు, ఆషాఢంలో ఊరంతా గోరింటాకు పెట్టుకున్నా అల్లిక పూర్తయ్యేదాకా మాకు లేదు, అట్లతద్దినాడు ఉయ్యాల దిగి వచ్చినా చేతులు కడుక్కునే అరుగెక్కాలి. మా లేసులు కొనుక్కెళ్లే ఏజెంటు గారిచ్చిన శాంపిల్‌లో పువ్వుకి ఆరు రేకులుంటే ఆరే వెయ్యాలి. పదేళ్లప్పుడు ఒకసారి నాకు నచ్చి ఏడు వేశాను. పెద్దమ్మ కేకలెయ్యలేదు, కొస పట్టుకుని లాగింది, మూడు రోజుల పని మెలికలు మెలికలుగా ఆవిడ ఒళ్లో పోగుపడింది.

"నీకు నచ్చడమేంటే? శాంపిల్ చూసి వెయ్యి" అంది.

ఏడుపొచ్చింది గాని, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది, నచ్చడమే ఏదో తప్పయినట్టు.

ఆ తర్వాత నేను మహా బుద్ధిమంతురాలినయ్యాను. పెద్దమ్మ కనుబొమ్మ కదిలితే చాలు, ఆవిడకేం కావాలో నాకు తెలిసిపోయేది. "పిల్లంటే ఇలా ఉండాలండి" అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. చిన్నపిల్లల అల్లిక చూసే పని నాకప్పగించారు. ఆ పెత్తనం పూతరేకు కంటే తియ్యగా ఉండేదని ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసొప్పదు.

పక్కింటి సుగుణ నాకంటే రెండేళ్లు చిన్నది, నాకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు. ఒక ముసురు రోజున అది, మిగిలిపోయిన దారపు ముక్కలు ముడేసుకుని, జ్వరంతో పడుకున్న వాళ్ల చెల్లి కోసం ఒక చేపను అల్లి తెచ్చింది. ఏ శాంపిల్‌లోనూ లేని చేప. దానికి కన్ను కూడా పెట్టింది. పెద్దమ్మ లోపల పులుసు పెడుతోంది. నేను కొస వెతికి లాగేశాను.

సుగుణ ఏడవలేదు. "ఎవరు చెప్పేరే నిన్ను ఇప్పమని?" అంది.

"పెద్దమ్మ" అన్నాను.

పెద్దమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "నేనెప్పుడు చెప్పేనే? పారేసే దారమే కదా, ఏం చేసుకుంటే మనకేంటి?"

నిజమే, ఆవిడ చెప్పలేదు. తనకేది ఇష్టమో తెలియని మనిషికి పక్కవాళ్ల ఇష్టం కంటగింపుగా ఉంటుందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. సుగుణ మాత్రం మళ్లీ మా అరుగెక్కలేదు.

ఇప్పుడు ఆ అరుగు కొట్టేసి బండి ఎక్కించడానికి సిమెంటు వాలు కట్టారు. లేసులు మిషన్ల మీద వస్తున్నాయి. పెద్దమ్మ పోయింది, సుగుణ ఎక్కడుందో తెలియదు. పోయిన వారం ఎనిమిదేళ్ల మా అమ్మాయిని రాజమండ్రిలో బట్టల షాపుకి తీసుకెళ్లాను. షాపులో పనిచేసే అమ్మాయి ఓపిగ్గా నాలుగు గౌన్లు పరిచి, "నీకేది నచ్చిందమ్మా?" అని అడిగింది.

మా పిల్ల గౌన్ల వైపు చూడనేలేదు. తలెత్తి నా మొహంలోకి చూసింది. నేను గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాను. అది ఇటువైపు వచ్చి నిలబడి మళ్లీ చూసింది.