బాలింతనాటి గోలీలు

కర్దనూర్‌లో ఎవరింట్లో కాన్పయినా ముందు నర్సింహమ్మకే పిలుపు వస్తుంది. పసిబిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం, తల్లికి నడుం కట్టడం, పథ్యం చెప్పడం అన్నీ ఆమె పనే. ఎల్లమ్మ తల్లికి దండం పెట్టుకోనిదే ఏ బిడ్డనూ ముట్టదు. వాడంతా ఆమె మాటను దవాఖాన మాటకంటే ఎక్కువ నమ్ముతుంది.

ఆ మంగళవారం ఆమె కోడలు జ్యోతి, మందుల కంపెనీలో డబ్బాలు సర్దుతూనే కళ్లు తిరిగి కూలబడింది. తోటి ఆడవాళ్లు ఆటోలో సర్కారు దవాఖానకు తెచ్చారు. నర్సింహమ్మ ఉరుక్కుంటూ వచ్చేసరికి వాళ్లలో ఒడియా పిల్ల ఒకతి తన నీళ్ల సీసా జ్యోతి చేతిలో పెట్టి, మళ్లీ పనికి పోతోంది. నర్సింహమ్మ ఆ పిల్ల పేరైనా అడగలేకపోయింది.

జ్యోతి చేతికి బీపీ పట్టీ చుట్టి చూసిన నర్సు, "నూట తొంభై! ఏం పెద్దమ్మా, కోడలికంటే నువ్వే ఎక్కువ వణుకుతున్నవ్?" అంది.

డాక్టరమ్మ జ్యోతినడిగింది. "కాన్పప్పుడు బీపీ వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. ఫిట్స్ గూడ వచ్చినయ్. ఏడేండ్లయింది."

"తర్వాత గోలీలు వాడినవా?"

"వారం వాడిన. ఇగ చాలన్నరు. అంతే గదా అత్తమ్మా?"

"ఎవరన్నరు?" డాక్టరమ్మ కలం ఆపింది.

ఎవరూ అనలేదు. కాన్పయ్యాక దవాఖాన నుంచి పంపేటప్పుడు, గోలీలు ఆపొద్దు, మళ్లీ తీసుకురండి అని నర్సింహమ్మకే రెండుసార్లు చెప్పారు. గోలీలతో పాలు ఎండిపోతాయని భయపడి, ఎనిమిదో రోజున వాటిని పెంటకుప్పలో పారేసింది. చాలన్నరు బిడ్డా అని కోడలికి అబద్ధం చెప్పింది. పాలు బాగా పడితే అది తన గొప్పేనని మురిసింది కూడా.

ఔనంటే ఇప్పుడూ సాగిపోయేది. కానీ జ్యోతి ఎంతో నమ్మకంగా ఆమెనే చూస్తోంది.

"నేనే ఆపిచ్చిన మేడమ్," అంది నేల చూస్తూ. "గోలీలు పారేసి, అబద్ధం జెప్పిన."

డాక్టరమ్మ కసరలేదు. "వాడినా ఎప్పటికన్న మళ్ల రావచ్చు పెద్దమ్మా. కాన్పుల బీపీ వచ్చినోళ్లు ఏటేటా చూపించుకోవాలె. చూపించుకుంటే ముందే దొరికేది," అని బీపీ తగ్గే గోలీ ఇప్పించి, కిడ్నీ పరీక్షలు రాసింది.

తిట్టినా బాగుండేదనిపించింది నర్సింహమ్మకు. ఇంటికి పోయే ఆటోలో జ్యోతి, ముత్తంగి ఊరు దాటాక అడిగింది.

"ఇంకెవరికి జెప్పినవ్ గిట్ల?"

"మన వాడ ప్రేమలతకు. ఆమెకు గూడ కాన్పుల బీపీ ఉండె."

"రేపు పోయి నిజం జెప్పు."

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె బిడ్డా?"

"ఇందాక నా ముంగట జెప్పిన మొఖమే."

మర్నాడు నర్సింహమ్మ వాళ్లింటికి పోతే, ప్రేమలత ఎదురొచ్చి కుర్చీ వేసింది. "రా పెద్దమ్మా, కూసో. చాయ్ పెడత. నీ చేతి చలువే, నా కొడుకు బడికి పోతున్నడు."

ఆ మాటకు నర్సింహమ్మ తల మరింత వంగిపోయింది. గడప అవతలే నిలబడింది.

"చాయ్ వద్దు బిడ్డా. నీ గోలీల సంగతిల నేను తప్పు జెప్పిన. నడువు, ఇయ్యాల దవాఖానకు పోదాం."