సూదిలో నీలం దారం

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ కొట్టు పెట్టినాయన పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు బల్ల వెనక ఆయన భార్య కూర్చుంటోంది. అంతకుముందు పదకొండేళ్లు భోజన హోటల్లో వడ్డన చేసిన మనిషి. మిషన్ల సంగతి మరిది చూసుకుంటాడు. పనిమంతుడే గానీ తల ఎత్తడు. ఎవరొచ్చినా స్క్రూ తిప్పుతూనే రెండ్రోజులాగి రమ్మంటాడు. అలా పాతవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలిన ఒక్క టైలర్ మాస్టారు కూడా రావడం మానేస్తే, షట్టర్ దించేసి ఏదో ఒక ఫ్యాక్టరీలో చేరిపోతానని మరిది తేల్చి చెప్పేశాడు.

సోమవారం ఆ మాస్టారే మిషను మోసుకొచ్చాడు. స్కూలు యూనిఫారాలు వారంలో ఇచ్చెయ్యాలట. మరిది ఎప్పటి మాటే అన్నాడు. మాస్టారు బతిమాలబోతుంటే, ఆమె అలవాటు కొద్దీ తడిగుడ్డతో ఆయన మోచేతి పక్కనే బల్ల తుడిచింది. ఆయన ఠక్కున చెయ్యి తీసుకుని, మిషను చంకనెత్తుకుని వెళ్లిపోయాడు.

గుడ్డ ఇంకా చేతిలో ఉండగానే ఆమెకు తెలిసొచ్చింది. హోటల్లో మనిషి ముందు గుడ్డ పడిందంటే, ఇక లేవమనే. ఎన్నివేల మందిని అలా లేపిందో.

అదే హోటల్లో ఇంకోటీ నేర్చుకుంది. అడిగింది ఆలస్యమైతే మనిషిని ఖాళీ పళ్లెం ముందు కూర్చోబెట్టకూడదు. ఉన్నదేదో ముందు పెట్టాలి.

లోపలి గదిలో భర్త సొంత మిషను ఉంది. ఆయన ఎక్కించిన నీలం దారం సూదిలో అలాగే ఉంది. ఇన్నాళ్లూ ఆమె దాని మీద దుమ్మైనా దులపలేదు. ఇప్పుడు వెళ్లి ఆ దారం తెంపింది.

"వదినా, అది అన్నయ్యది," అన్నాడు మరిది.

"తెలుసు నాయనా. ఆ పక్క పట్టుకో."

ఆటోలో రెండు వీధులు దాటి మాస్టారి కొట్టు ముందు దించారు.

"బల్లతోపాటు నన్నూ తుడిచేస్తున్నారనుకున్నానమ్మా," అన్నాడాయన, ఇంకా బిగుసుకునే.

"తప్పు నాదే. మీది బాగయ్యేదాకా దీని మీద కుట్టుకోండి. ఎప్పుడిస్తామో మా మరిది చెబుతాడు, మీ మొహం చూసి."

మరిది తల ఎత్తక తప్పలేదు. మాస్టారి మిషను అక్కడే విప్పి చూసి, రేపు సాయంత్రానికి ఇస్తానన్నాడు. మాస్టారు యూనిఫారం గుడ్డ అందుకుని, వాళ్లు తెచ్చిన మిషను పెడలు తొక్కాడు. నాలుగు నెలలుగా వినని ఆ చప్పుడు వింటూ, మొదటి కుట్టు పూర్తయ్యేదాకా ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

మాస్టారి మిషను ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. దారిలో మరిది, రేపటినుంచి తన పనిబల్ల వీధివైపు తిప్పుకుంటానన్నాడు.

"రేపటిదాకా ఎందుకు?" అంది.