కోడేరు సద్దుల బతుకమ్మకు వెళ్ళి వచ్చాను

బెజవాడ మనిషికి నవాబు ఏలుబడిలోని గద్వాల పరదేశమే. రూపాయి వేరు, కచేరీ భాష వేరు, సరిహద్దు దాటేటప్పుడు సుంకం వాళ్ళు పెట్టె విప్పి చీరలు దులిపి చూస్తారు. ఆడపిల్లల బడిలో పంతులమ్మగా వచ్చి ఏడాది దాటినా నేను పండుగకు మా ఊరు పోలేదు. పోదామన్నా రమ్మనేవాళ్ళు లేరు. పక్కింటి నర్సమ్మ ఊరుకోలేదు.

"గద్వాల్ల బతుకమ్మ ఏం బతుకమ్మ? మా తల్లిగారింటికి కోడేరు పోదాం పా. మా అవ్వ ఇద్దరు బిడ్డలొచ్చిన్రు అనుకుంటది" అంది.

ఆ మాటకు కరిగిపోయాను. పరాయి దేశంలో నన్ను బిడ్డ అనే ఇల్లొకటి దొరికిందని ఎంత పొంగిపోయానో! ఒక్కటే భయం. "మీ ఇంటాయన ఏడుంటడు?" అని నర్సమ్మ మొదటి వారంలోనే అడిగితే, దూరాన ఉద్యోగం అని చెప్పాను. నాకు ఎనిమిదో ఏట పెళ్ళి, తొమ్మిదో ఏట వైధవ్యం. ఒక శరణాలయం వాళ్ళు చదువు చెప్పించి, బొట్టు పెట్టించి, గాజులు వేయించి ఉద్యోగానికి పంపారు. బొట్టు చూసినవాళ్ళు మిగతాది వాళ్ళే అనుకుంటారు, నేను కాదనను.

ఉదయం ఏడున్నరకు గద్వాలలో రైలెక్కాం. ఆడవాళ్ళ డబ్బా కిక్కిరిసి ఉంది. కృష్ణ వంతెన మీద అందరూ దండం పెట్టి రాగి పైసలు విసిరారు. తొమ్మిదికి వనపర్తి రోడ్డులో దిగాం. పేరు చూసి మోసపోకండి, ఊరు ఇంకా చాలా దూరం. పది గంటల బస్సు పదకొండున్నరకు కదిలింది. వనపర్తిలో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, నర్సమ్మ అన్న పంపిన ఎడ్లబండి ఎక్కాం. దారి పొడవునా తంగేడు విరగబూసింది. నర్సమ్మ బండి ఆపించి ఒడి నిండా కోసుకుంది. దీపాలు పెట్టాక కోడేరు చేరాం.

నర్సమ్మ తల్లి గడప లోపల కూర్చుని ఉంది. బోసి మెడ, బోసి నుదురు. తెల్లారి సద్దుల నాడు, అంటే పండుగ ఆఖరి రోజు, మేమంతా పూలతో బతుకమ్మ పేరుస్తుంటే, "నువ్వూ రా అవ్వా, గునుగు పూలకు రంగు అద్దుదాం" అని పిలిచాను.

"మొగడు సచ్చినదాన్ని బిడ్డ. నేను పువ్వు ముట్టొద్దు" అంది, నవ్వుతూనే.

నా చేతిలో పువ్వు కాసేపు ఆగింది. మళ్ళీ పేర్చాను.

సాయంత్రం ఐదింటికి వాగు ఒడ్డున ఆడాం. నాకు చప్పట్లు కుదరకపోతే నర్సమ్మ నా చేతులు పట్టుకుని నేర్పింది. బతుకమ్మలను నీళ్ళలో వదిలాక ఇంకో తంతు ఉంది. పసుపుతో చేసిన గౌరమ్మను కరిగించి, ఆ పసుపు ఒకరి పుస్తెలకు ఒకరు పూస్తారు. మొగుడి ఆయుష్షు కోసమట. నర్సమ్మ తన పుస్తెలు నా ముందు పట్టింది. పూయకుండా ఉండాల్సింది. పూశాను.

"ఇగ నీయి బయటికి తియ్యి పంతులమ్మ."

"నాకు లేవు వదినా."

"అయ్యో, గద్వాల్ల పెట్టొచ్చినవా?"

"లేవు. నా చిన్ననాడే ఆయన పోయాడు."

నర్సమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, పుస్తెలను ఇసుకతో తోమడం మొదలుపెట్టింది. మెడ కందిపోయినా ఆపలేదు. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ప్రసాదం పంచినప్పుడు అందరికీ చేతిలో పెట్టారు, నా వంతు ఆకులో వేసి నేల మీద ఉంచారు.

మరునాడు పొద్దున్నే బండి కట్టారు. అవ్వ దగ్గరికి వస్తే, ఈమెకైనా నా బాధ తెలుస్తుందనుకున్నాను.

"ముప్పై ఏండ్ల సంది గీ గడప లోపల్నే కూసున్న. నా బిడ్డ మంచి కోసమే కూసున్న. నువ్వేంది, సీదా పోయి దాని పుస్తెలే ముట్టినవు!" అంది.

తలుపు వెనక నుంచి నర్సమ్మ గొంతు వినిపించింది. "ఏడాది సంది నా ఇంట్ల తిన్నవు. ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"చెబితే తిననిచ్చేదానివా వదినా?"

లోపల గొళ్ళెం పడింది. తప్పు నాది కూడా, కాదనను. అయినా ఆ గొళ్ళెం చప్పుడు నాకు చేసిన గాయం మానదు.

వెళ్ళదలచిన ఆడవాళ్ళకు ఒక మాట: దారి కష్టమేమీ లేదు, పూలు చూడాలంటే ఈ నెలలోనే పోవాలి. మీ మెడలో ఏముందో, ఏం లేదో బయల్దేరే ముందే చెప్పేయండి. ఇకమీదట నేనూ చెప్పేస్తానని వనపర్తి రోడ్డు స్టేషనులో ఒట్టు పెట్టుకున్నాను.

మూడింటి రైలులో కర్నూలు పోయే ముసలి బీబమ్మ ఒకామె పక్కకు జరిగి చోటిచ్చింది. "ఒక్కదానివే పోతున్నవా బేటీ? పండుగ పూట మీ ఇంటాయన ఏడి? పరేషాన్ కాడా?"

"గద్వాల స్టేషనుకు వస్తారు" అన్నాను.

గద్వాలలో దిగాక చూస్తే, ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి ఆయన కోసం వెతుకుతోంది. రైలు కదిలిపోయేదాకా నేను ఎవరో తలపాగా మనిషి వెనకాలే నడిచాను.