దొరికేదాకా వెతికే కాపరి

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో నెలకోసారి ప్రార్థన కూటం పెడతారు. మొన్న టీ కాచుకుంటుంటే, "సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి" అని మైకులో పిలుపు మేడ మీద ఒక్కణ్ణే ఉండే నాదాకా వచ్చింది. ఆ పిలుపు వింటే ఇప్పటికీ వెళ్ళి కిటికీ మూసేస్తాను. ఒకప్పుడు చర్చిలో దానికి లేచినందుకు నాకు బాగానే శాస్తి అయింది.

డెబ్బైలలో మేం పోర్టు దగ్గర ఉండేవాళ్ళం. నాన్న అక్కడ కలాసీ. తల దువ్వుకుంటే దువ్వెనకు ఎర్రటి ఇనప ఖనిజం దుమ్ము అంటుకునేది. అమ్మది క్రైస్తవుల ఇల్లు, నాన్నది కాదు. ప్రతి ఆదివారం అమ్మను సైకిలు మీద చర్చికి తెచ్చి, తను బయట కల్వర్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "నాకిక్కడ గాలి బాగుందండి" అనేవాడు. అలాగే బాప్తిస్మం లేకుండానే కామెర్లతో పోయాడు. సమాధుల తోటలో చోటు లేదన్నారు, దహనం చేశాం. చోటు సంగతి అమ్మ పట్టించుకోలేదు. ఆయన నరకానికే పోయాడన్న మాట ఆమెను తినేసింది. తనకు పరలోకం ఖాయమని నమ్మిన మనిషి, అందుకే ఏడవడం నేను అమ్మ దగ్గరే చూశాను.

నేనప్పుడు సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి. ఒక వారం తప్పిపోయిన గొర్రె పాఠం వచ్చింది. చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే. నూరింటిలో ఒక గొర్రె తప్పిపోతే కాపరి, అంటే ప్రభువే, దొరికేదాకా వెతికాడని ఉందే గానీ, అలిసిపోయి ఇంటికొచ్చాడని లేదు. మరి మా నాన్నను కూడా వెతుకుతాడా అని పాస్టరు గారిని అడిగితే, "ఆ వెతుకులాట చావుతో ఆగిపోతాది బాబూ" అన్నారు. మంచివారే. కానీ చావును గెలిచి లేచినవాడు చావు దగ్గర ఎందుకు ఆగుతాడో నాకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. మా దగ్గర సాక్ష్యమంటే జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో చెప్పాలి, సంఘమంతా "స్తోత్రం" అనాలి. ఎనభైల మొదట్లో స్టీలుప్లాంటు కడుతూ ఉద్యోగాలిస్తున్న రోజులు, స్తోత్రాలకు కొదవ లేదు. నేను మాత్రం, "మా నాన్నను కూడా ప్రభువు వెతికి తెచ్చుకుంటాడు. ఆఖరికి ఎవరినీ వదలడు" అన్నాను. ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అమ్మ కూడా అనలేదు. పాస్టరు గారు గబగబా పాట ఎత్తుకున్నారు.

సండే స్కూలు ఇంకొకరికి అప్పగించారు. ఎవరూ తిట్టలేదు, చర్చిలో చాప మీద నా పక్కన మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఇంట్లో అమ్మ కూడా ముక్తసరిగానే మాట్లాడేది. ఒక మధ్యాహ్నం చేపలు తోముతూ తలెత్తకుండా అడిగింది.

"ఆ పరలోకంలో సుట్ట కాల్సనిత్తారేటి? మీ నాన్న ఉండగలడంతావా?"

"ఉంటాడమ్మా" అన్నాను.

"అయితే సరే" అని మళ్ళీ పొలుసు తీయడంలో పడింది. చాలా రోజుల తరువాత ఆ పూట కడుపునిండా తింది.

ఆ సంఘంలో నాతో పాటు నమ్మింది ఆమె ఒక్కతే. ఆ దశాబ్దం దాటకుండానే ఆమె కూడా చనిపోయింది. నేను చర్చి మానలేదు, మళ్ళీ నోరూ విప్పలేదు. నిత్యత్వం ఎంత పొడవో పాస్టర్లు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. దాని సంగతి నాకు తెలియదు గానీ, అమ్మ లేని ఆదివారం సాయంత్రాలు మాత్రం చాలా పొడవు.