అమ్మ మరిచిపోయే కొత్తిమీర

మా చిన్నప్పుడు... సాయంత్రం నాలుగయ్యేసరికి అమ్మకు ఏదో ఒకటి గుర్తొచ్చేది. చారుకు చింతపండు నానేసి, ఉన్నట్టుండి నాలుక కరుచుకుని, "అయ్యో, కొత్తిమీర మర్చిపోయినప్పా! పా, తెచ్చుకుందాము" అనేది. అనడం ఆలస్యం... గూట్లోంచి గుడ్డసంచి తీసి, చెప్పులేసుకుని సిద్ధం.

అప్పుడు మాది బెంగళూరు పక్కన ఆనేకల్‌లో ఒంటిగది ఇల్లు. నాన్నకు షిఫ్టు పని... వస్తే నిద్ర, లేస్తే డ్యూటీ. అమ్మేమో పెనుకొండ వైపు పెద్ద ఉమ్మడి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఇక్కడ మాట్లాడటానికి గోడలూ, నేనూ. ఆ సంగతి అప్పట్లో నాకు తోచలేదు. అమ్మకు మతిమరుపు అనుకునేవాణ్ని, అంతే.

లేకపోతే ఏమిటండీ... పొద్దున కొబ్బరికాయకు ఒకసారి, మధ్యాహ్నం పిండిమరకు ఒకసారి, సాయంత్రం కొత్తిమీరకు ఒకసారి! మూడూ ఒకటే వీధిలో. నా కాళ్లు లాగేవి. "అన్నీ ఒకేసారి తెచ్చుకోవచ్చు కదమ్మా" అంటే, "నడిస్తే తిన్నది అరుగుతాది లేప్పా" అని నవ్వేది.

కొత్తిమీర కట్ట కొనడానికి అర నిమిషం చాలు. కానీ ఆకుకూరలమ్మే గంగమ్మత్త గంప పక్కన అమ్మ గొంతుక్కూర్చుందంటే... ఇద్దరిదీ ఒకటే యాస... దీపాలు పెట్టే వేళ దాకా లేచేది కాదు.

మూడో తరగతిలో అనుకుంటా, నాకు తప్పుల్లేకుండా రాయడం వచ్చేసింది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే! పోపులపెట్టె, డబ్బాలు అన్నీ మూతలు తీసి చూసి, ఇంట్లోకి కావలసినవన్నీ చీటీ మీద రాశాను. అన్నిటికంటే పైన కొత్తిమీర. "ఇంక నువ్వు ఏమీ మరిచిపోవు చూడు!" అని అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ ఆ చీటీ వంక కాసేపు చూసింది. "నా బంగారు కొండ... నాకెంత పని తగ్గించినావప్పా" అని తల నిమిరింది.

అప్పటినుంచి రోజూ చీటీ రాశాను. సరుకులన్నీ పొద్దున ఒకే విడతలో వచ్చేవి. సాయంత్రాలు అమ్మ గడప మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేది. నేను గోలీలాటకు పరుగు. ఒకరోజు బడి దారిలో గంగమ్మత్త నన్ను ఆపి, "మీయమ్మ ఊరికి పోయిండాదా ఏమప్పా, కనపడ్లేదే?" అంది. "లేదత్తా, నేను చీటీ రాసిస్తుండా కదా!" అని గొప్పగా చెప్పాను. ఆమె గంప నెత్తికెత్తుకుని ముందుకు పోయింది.

ఇప్పుడు నేను బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో, ఆరో అంతస్తులో. ఇంటినుంచే ఉద్యోగం. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. పాపకు బడి, ట్యూషను, దాని గది. నాకు షుగరు వచ్చేలా ఉంది, నడవమన్నాడు డాక్టరు. జిమ్‌లో చేరి నాలుగు రోజులు వెళ్లాను... ఎవరి చెవుల్లో వాళ్ల పాటలు. మానేసి, ఇంటి పనులకే నడవడం మొదలుపెట్టాను. లిఫ్టు ఎక్కను, మెట్లే. పాలకు ఒకసారి, ఇస్త్రీ బట్టలకు ఒకసారి, కొత్తిమీరకు ఒకసారి.

మలుపులో తోపుడుబండి మీద కూరలమ్మే పెద్దామె ఉంది. అచ్చం అమ్మ యాసే. "ఏమప్పా, చిక్కిపోతుండావు, అన్నం తింటుండావా లేదా?" అంటుంది. రోజు మొత్తంలో ఆఫీసు గొడవ కాకుండా నన్ను ఎవరైనా అడిగే మాట అదొక్కటే. అందుకే ఏదో ఒకటి మరిచిపోయి వస్తుంటాను... కావాలనే.

నిన్న సాయంత్రం బూట్లు వేసుకుంటుంటే పాప ఫోను పట్టుకుని వచ్చింది. పదకొండేళ్లు దానికి.

"కొత్తిమీరకేనా నాన్నా? నేను ఆర్డర్ పెట్టేశా! ఇంక రోజూ అదే వచ్చేలా సెట్ చేశా. నువ్వు పాపం మరిచిపోతున్నావు కదా!"

దాని మొహం వెలిగిపోతోంది. చీటీ ఇచ్చిన రోజు నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది. అమ్మ కాళ్లు పట్టుకోవాలనిపించింది... అమ్మ లేదు.

"నాకెంత పని తగ్గించావు తల్లీ" అన్నాను. బూట్లు విప్పేసి, కాలింగ్ బెల్ మోగేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు కొత్తిమీర కోసం ఎవరూ గడప దాటక్కర్లేదు. మీ ఇంట్లో అమ్మ ఏం మరిచిపోయేదో కింద రాయండి, చదువుకుంటాను. ఆమె ఇంకా మరిచిపోతూ ఉంటే మాత్రం... చీటీ రాయకండి. సంచి తీసుకుని వెంట వెళ్లండి.