తప్పు మొదటి ముక్కలో, దిద్దుబాటు రెండో ముక్కలో

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ తెరుచుకున్న ఏడాది జనవరిలో నన్ను మా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ కోర్సుల విభాగానికి డిప్యూటీ డైరెక్టరుగా వేశారు. అంతకుముందు చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. విభాగం అబిడ్స్‌లో, చెప్పుల దుకాణాల పైన రెండో అంతస్తులో ఉండేది. ఇప్పుడు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఇంట్లో ఉన్నాను. ఆ విభాగంలో పనిచేసినవాళ్ళు ఈ రోజుకీ ఒక మాట చెప్పుకుంటారు: ఫిజిక్స్ లెక్చరర్ ఒకావిడ కెమెరా ముందు తప్పు పాఠం చెప్పి ఉద్యోగం పోగొట్టుకుందని. అది నిజం కాదు. జరిగిందేమిటో ఈ పని గురించి తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా రాస్తాను.

ఆన్‌లైన్ కోర్సు అంటే క్లాసును కెమెరాతో తీసి ఇంటర్నెట్‌లో పెట్టడమే అనుకుంటారు చాలామంది. అలా కాదు. ముందు అధ్యాపకుడు పాఠ ప్రణాళిక రాసివ్వాలి. దాన్ని మా కమిటీ చూడాలి. తర్వాత రికార్డింగు. ఎడిటరు దాన్ని చిన్న చిన్న వీడియోలుగా కోస్తాడు. ఒక్కో ముక్క చివర ‘ఈ భాగంలో నేర్చుకున్నది’ అనే సారాంశం కార్డును, దాని మీద ఒకటి రెండు ప్రశ్నలను మరొకరు తయారుచేస్తారు. అన్నీ చూసి ఆమోదించే చివరి మనిషి డిప్యూటీ డైరెక్టరు, అంటే నేను.

కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. పనిలోకి దిగాక తెలుస్తుంది నరకం. పాఠ ప్రణాళికలో ‘విద్యార్థి అర్థం చేసుకుంటాడు’ అని రాయకూడదట; అర్థం చేసుకోవడాన్ని కొలవలేం కాబట్టి ‘గుర్తిస్తాడు’, ‘లెక్కిస్తాడు’ అని రాయాలట. కెమిస్ట్రీ పాఠం ఒకదానికి ఏ క్రియాపదం వాడాలన్న దాని మీద ఒక మధ్యాహ్నమంతా చర్చ నడిచింది. పాఠంలో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. స్టూడియో అంటే గోడలకు స్పాంజి అంటించిన గది. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజులు కావడంతో అటు పోయే రోడ్డంతా హారన్ల మోత. లెక్చరరు నోరు తెరవడం, కింద ఆటో అరవడం, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం.

డైరెక్టరు గారిది ఒకటే మంత్రం. ఎక్కడో సెమినారులో విని వచ్చారు. “ఏవండీ, ఆరు నిమిషాలు దాటిందంటే పిల్లలు పారిపోతారు. ఏ వీడియో అయినా ఆరు నిమిషాల లోపే ఉండాలి. చూడ్డానికి ఇంట్రెస్టింగ్‌గా ఉండాలి.” ఇంట్రెస్టింగ్‌గా ఉందో లేదో తేల్చేది కోర్సు నడిచే సాఫ్ట్‌వేర్. ఎంతమంది వీడియోను చివరిదాకా నడిపించారన్న దాన్ని బట్టి అది ప్రతి కోర్సుకూ మార్కులు వేసేది. ముక్క చిన్నదైతే చివరిదాకా నడుస్తుంది, మార్కులు పెరుగుతాయి. పిల్లవాడు ఫోను బల్ల మీద పెట్టి చాయ్ తాగడానికి వెళ్ళినా పెరుగుతాయి.

ఈ పరిస్థితుల్లో మెకానిక్స్ కోర్సు రికార్డు చేయడానికి సుహాసిని మేడం వచ్చారు. మెదక్ ఆవిడ. నాంపల్లిలోని మా కాలేజీలో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసరు. కాంట్రాక్టు అంటే ఏటా విద్యా సంవత్సరం చివర పొడిగిస్తేనే ఉద్యోగం ఉంటుంది. ఆవిడ పాఠం నేను కాలేజీలో కూర్చుని విన్నాను. ఆవిడది ఒక పద్ధతి. పాఠం మధ్యలో కావాలనే ఒక తప్పు చెప్పి, చాక్‌పీసు పట్టుకుని మాట్లాడకుండా నిలబడేది. ఎవరో ఒకరు పట్టుకునే దాకా కదిలేది కాదు.

నేను వెళ్ళినరోజు పైకి విసిరిన బంతి పాఠం. “పైకి పోయిన బంతి శిఖరంల ఒక్క క్షణం ఆగుతది. గాడ వేగం సున్నా. వేగం సున్నా అంటే త్వరణం గూడ సున్నా,” అని బోర్డు మీద రాసి ఊరుకుంది. చివరికి వెనక బెంచీలోంచి ఒకడు, “మేడం, మరి కిందికెట్ల వస్తది?” అన్నాడు. “గిప్పుడు లేసినవా నాయనా! నువ్వే చెప్పు, ఎట్ల వస్తది?” అంది మేడం. ఇక చూడాలి ఆ క్లాసును. భూమి ఆకర్షణ శిఖరాన కూడా అంతే ఉంటుందని, త్వరణం సున్నా అయితే బంతి గాలిలోనే నిలబడిపోవాలని పిల్లలే తేల్చారు. ఇన్నేళ్ళూ నేను ఆ సంగతి నేరుగా చెప్పేసి ముందుకు వెళ్ళేవాణ్ణి. పరీక్షలో సగం మంది తప్పు రాసేవాళ్ళు.

రికార్డింగుకు ముందు ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది. “సార్, నేను ఆగినకాడ వీడియో గూడ ఆగాలె. పిలగాడు జవాబు రాస్తేనే ముందుకు పోవాలె. అయితదా?” సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంది. అవుతుందని మాట ఇచ్చాను. ఆవిడ కెమెరా ముందు కూడా అలాగే చెప్పింది. తప్పు చెప్పి, చాలాసేపు ఆగి, తర్వాత దాన్ని విప్పింది. ఎడిటరు ఇమ్రాన్ తల పట్టుకున్నాడు. “సార్, మేడం మస్తుసేపు ఆగుతున్నరు. మైకు పోయిందేమోనని రెండుసార్లు లేసి చూసిన!”

తర్వాత డైరెక్టరు గారు వీడియో మధ్యలో ప్రశ్నలు వద్దన్నారు. అక్కడ ఆగితే పిల్లలు వెళ్ళిపోతారు, కోర్సు మార్కులు తగ్గుతాయి. ప్రశ్నలన్నీ ముక్క చివరనే ఉండాలని ఉత్తర్వు. నేను వాదించలేదు. మేడంకు చెప్పనూ లేదు.

అదే సమయంలో విశ్వవిద్యాలయానికి గుర్తింపునిచ్చే సంస్థవాళ్ళు తనిఖీకి వస్తారన్న కబురు వచ్చింది. రికార్డింగులన్నీ త్వరగా ముక్కలు కావాలి. ఇమ్రాన్ ఒక్కడే. “గిదేం ఎడిటింగ్ సార్, కీమా కొట్టుడే,” అని విసుక్కునేవాడు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. మాట లేని చోటు ఎక్కడ ఎక్కువసేపు ఉందో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే వెతికి, అక్కడ కోసే ఏర్పాటు ఒకటుంది. మాట ఆగిన చోట కోస్తే వాక్యం తెగదు కదా అనుకున్నాను. అన్ని కోర్సులకూ అదే పెట్టించాను. పని పరుగెత్తింది. డైరెక్టరు గారు సమావేశంలో మెచ్చుకున్నారు. అడిషనల్ డైరెక్టరు పోస్టుకు నా పేరు వినిపించడం అప్పుడే మొదలైంది.

మిగతా అధ్యాపకులకు ఏమీ కాలేదు. వాళ్ళు నీళ్ళు తాగడానికి ఆగేవాళ్ళు, పేజీ తిప్పడానికి ఆగేవాళ్ళు. సుహాసిని మేడం ఆగేది మాత్రం తప్పు చెప్పాక. కాబట్టి ఆవిడ వీడియోలు చాలావరకు సరిగ్గా తప్పు దగ్గరే ముగిశాయి. దిద్దుబాటు తర్వాతి ముక్కకు పోయింది. సారాంశం కార్డు రాసే అమ్మాయికి ఫిజిక్స్ రాదు. ఆ ముక్కలో విన్నదే రాసింది. ‘ఈ భాగంలో నేర్చుకున్నది: శిఖరం వద్ద త్వరణం సున్నా.’ దాని మీద ప్రశ్న, దానికి జవాబు కూడా సున్నాయే. అన్నిటికీ నా ఆమోదం ఉంది. ఒక్క ముక్క కూడా చూడకుండా ఆమోదించాను.

మొదట ఫోను చేసింది బేగం బజార్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో పనిచేస్తూ చదువుకుంటున్న విద్యార్థి. “సార్, నేను కరెక్టే రాసిన. మీ కంప్యూటర్ ఇంటూ కొట్టింది. జర చూడుండ్రి.” చూస్తానన్నాను. చూసేలోపే ఆ వీడియో ముక్క వాట్సాప్‌లో తిరగడం మొదలైంది. కింద ఎవరో రాశారు: ‘ఇంటర్ పోరనికి ఎరుకైంది లెక్చరర్‌కు తెల్వదా?’ చివర ఆ కార్డు, మేడం పేరు, ఫోటో. తనిఖీ ముందర ఇదేమిటని డైరెక్టరు గారు కమిటీని పిలిచారు.

కమిటీ కూర్చునే రోజు ఉదయం మొదటిసారి రెండు ముక్కలూ వరసగా చూశాను. విషయం వెంటనే అర్థమైంది. పూర్తి రికార్డింగు ఉన్న హార్డ్ డిస్క్ నా బీరువాలోనే ఉందని కూడా తెలుసు.

కమిటీలో డైరెక్టరు గారితో పాటు ఇద్దరు ప్రొఫెసర్లు, నేను ఉన్నాం. సుహాసిని మేడంను ఎదుట కూర్చోబెట్టారు. ఆవిడ తన పద్ధతి వివరించింది. “తప్పు చెప్పడం పద్ధతేమిటమ్మా?” అన్నారు ఒక ప్రొఫెసరు. “చెప్పి వదిలేస్తే తప్పు సార్. నేను వదల్లేదు. నేను చెప్పింది మొత్తం పెట్టుండ్రి, గీడనే చూద్దాం,” అంది ఆవిడ. డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. “పూర్తి రికార్డింగు ఉందాండీ?” “వెతకాలండీ,” అన్నాను. “కోతలో ఏమైనా పొరపాటు జరిగిందా?” అని అడిగారు. “అధ్యాపకులు ఇచ్చిన దాన్నే పెట్టామండీ. ఒక్క మాట కూడా మార్చలేదు,” అన్నాను.

ఈ రెండో జవాబులో అబద్ధమైన మాట లేదు. నిజంగానే ఒక్క మాట కూడా మార్చలేదు. మేడం నా వైపు చూసి, “మీరు మా క్లాసుల కూసున్నరు గదా సార్?” అంది. నేను కాగితాలు సర్దుకున్నాను. కమిటీ ‘విషయ దోషం’ అని రాసుకుంది. కోర్సు తీసేశారు. ఏడాది చివర ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. తర్వాతి సెమిస్టరులో అలవాటు ప్రకారం పాత రికార్డింగులు చెరిపేసి హార్డ్ డిస్కులను మళ్ళీ వాడారు. నేను ఆపలేదు. అడిషనల్ డైరెక్టరు పోస్టు నాకే వచ్చింది. ఎందుకు మాట్లాడలేదంటే కారణం అదే. ఇంకో కారణం వెతకడం అనవసరం.

పదవీ విరమణ తర్వాత మేడంను వెతుక్కుంటూ వెళ్ళాను. నాంపల్లి స్టేషను దగ్గర పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో చెబుతోంది. రెండు క్లాసుల మధ్య మెట్ల మీదే నిలబెట్టి మాట్లాడింది.

“డిస్కు మీ తాననే ఉండె గదా?”

“అవును మేడం.”

“నాకప్పుడే సమజయింది. మీరు కాగితాలు సర్దుతున్నరు సూడుండ్రి, గప్పుడు.” నేను క్షమాపణ మొదలుపెడితే మధ్యలోనే ఆపేసింది. “మాఫీ గీఫీ నేనేం జేస్కోవాలె సార్? ఏ ఇంటర్వ్యూకు పోయినా గా వీడియోనే ముందలేస్తున్నరు. మీరు చేసింది మీరు రాసియ్యుండ్రి. మీ యూనివర్సిటీకి ఇయ్యుండ్రి, నాకో కాపీ ఇయ్యుండ్రి.” గంట కొట్టారు. “పోతున్న, పిలగాండ్లు ఆగరు,” అని లోపలికి వెళ్ళింది.

రాసిచ్చాను. విశ్వవిద్యాలయం తిప్పి పంపింది. నేను ఇప్పుడు ఉద్యోగిని కాను కాబట్టి నా వివరణను ఫైలుకు జతచేసే నిబంధన లేదన్నారు. అసలు రికార్డింగు ఉంటే పరిశీలిస్తామన్నారు. అది ఉండదని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. సుహాసిని మేడం పాఠం సరైనది. తప్పు దగ్గర కోసే ఏర్పాటు పెట్టింది నేను, చూడకుండా ఆమోదించింది నేను. ఇది ఆవిడ ఎవరికైనా చూపించుకోవచ్చు. దీనితో ఆవిడకు ఉద్యోగం వస్తుందని చెప్పలేను.

ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్పగలిగింది కొంచెమే. పాఠం ఎక్కడ ఆగాలో నిర్ణయించడం కూడా బోధనే. దాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే అధ్యాపకుడిని అడిగి వదలాలి. ఆమోదించేవాడు కోర్సును విద్యార్థిలా మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ఇంత చేసినా తప్పు జరిగితే, అది తన తప్పని కమిటీ గదిలో, అడిగినప్పుడే చెప్పాలి. బయటికి వచ్చాక చెప్పింది రికార్డులోకి ఎక్కదు.